ముప్ఫై నాలుగో నంబరు పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళకు ఒంట్లో బాగాలేకపోతే ఆ సంగతి పిల్లలకు చెప్పేవారు కాదు. చెప్పకపోతే తెలియదని వాళ్ళ నమ్మకం. అమ్మ తలలో గడ్డ ఉందనీ, అది తీసెయ్యక తప్పదనీ, తీసేటప్పుడు ఏమైనా కావచ్చనీ నాన్న ఫోన్‌లో అమ్మమ్మతో అంటుంటే మెట్ల మీద కూర్చుని అంతా విన్నాను. నాతో మాత్రం చిన్న ఆపరేషన్ అన్నారు. నేనూ ఏమీ తెలియనట్టే తలూపాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మేము అమెరికాలో నేపర్‌విల్ అనే ఊరికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళయింది. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ పొద్దున్నే రైలెక్కి షికాగో వెళ్ళి, చీకటిపడ్డాక వచ్చేవారు. అమ్మమ్మ వద్దామనుకుంటే వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరకలేదు. అందుకని ఆపరేషన్ రోజున నన్ను మా వీధి చివరింటి ఆంటీకి అప్పజెప్పారు.

ఆవిడది గుంటూరు. పెళ్ళి చేసుకుని, ఎనభైల మొదట్లో ఈ దేశం వచ్చారు. భర్త డాక్టరు. ఒక్కడే కొడుకు, కాలేజీకి వెళ్ళిపోయాడు. ఏ ఇంట్లో పుట్టినరోజైనా సరే, పిల్లలు పాటలు పెడితే చాలు, ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, “ఇవీ పాటలేనా? ఎయిటీ వన్, ఎయిటీ టూ, ఎయిటీ త్రీ! అవమ్మా పాటలంటే!” అనేవారు. పాత తెలుగు పాటల గురించి అంటున్నారనుకునేదాన్ని చాలాకాలం. కాదు. ఆవిడ మనసంతా అప్పటి అమెరికన్ పాటల మీద ఉండేది. ప్రతి ఆదివారం రేడియోలో నలభయ్యో నంబరు నుంచి మొదలుపెట్టి ఒకటో నంబరు దాకా వేసే, ఆ వారం ఎక్కువగా అమ్ముడైన పాటల పట్టిక మీద ఉండేది. మిగతా ఆంటీలు దానికి నవ్వుకునేవారు.

ఆ రోజు మార్చి నెల. రోడ్డు పక్కన కరగని మంచు నల్లబడి ఉంది. నాన్న తెల్లవారకముందే అమ్మను తీసుకుని వెళ్ళారు. పదకొండున్నరకల్లా ఆంటీ వాళ్ళింటికి ఫోన్ చేస్తానన్నారు. బయల్దేరే ముందు అమ్మ నా జడ వెయ్యబోయి, మధ్యలో వదిలేసి, ఆంటీ వేస్తారులే అంది. నేను స్కూల్‌కి వెళ్ళాలన్నది అందరి ఏర్పాటు. కానీ బస్ స్టాప్ దగ్గర తాగిన పాలన్నీ కక్కుకున్నాను. ఆంటీ నా మూతి తుడిచి, ఇంటికి తీసుకొచ్చి, స్కూల్‌కి ఫోన్ చేసి రావడం లేదని చెప్పారు.

ఫోన్ వంటింటి గోడకు ఉండేది. నేను దాని కిందే కుర్చీ వేసుక్కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు మోగింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరో కార్పెట్లు శుభ్రం చేస్తామని. తొమ్మిదికి మళ్ళీ మోగింది, అంకుల్ పళ్ళు చూపించుకునే క్లినిక్ నుంచి. రెండోసారికి నా మొహం చూసి ఆంటీ స్టవ్ ఆపేశారు. లోపలికి వెళ్ళి ఒక చెప్పుల పెట్టె, పాత టూ-ఇన్-వన్, ఒక లావుపాటి నోట్‌బుక్ తెచ్చి హాల్లో కార్పెట్ మీద పెట్టారు.

పెట్టె నిండా క్యాసెట్లు. ఆ ఆదివారాల పాటలన్నీ రేడియో నుంచి ఆవిడ రికార్డు చేసుకున్నవి. నోట్‌బుక్‌లో పేజీకొక వారం, ఒక్కో పేజీలో నలభై పేర్లు, గుండ్రటి చేతిరాతలో. అంకుల్‌కి ఆ రోజుల్లో శని, ఆదివారాలు కూడా హాస్పిటల్ డ్యూటీ ఉండేదట. కారు నడపడం రాక, మాట్లాడేందుకు ఎవరూ లేక, అపార్ట్‌మెంట్‌లో ఒక్కరే కూర్చుని రేడియో వినేవారట. “మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. నంబర్లు అర్థమయ్యేవి. అందుకని రాసుకోడం మొదలుపెట్టా” అన్నారు.

క్యాసెట్ పెట్టారు. రేడియో మనిషి హుషారైన గొంతుతో నలభయ్యో పాట పేరు చెప్పాడు. ఆంటీ నోట్‌బుక్‌లో అంతకు ముందు వారం పేజీ తెరిచి నాకిచ్చి, ఆ తర్వాతి పేజీలు కనపడకుండా క్లిప్పు పెట్టేశారు. ఏ పాట పైకి ఎక్కుతుందో, ఏది కిందికి జారుతుందో నేను ఊహించి చెప్పాలి. మొదట్లో వింటున్నాను గానీ మనసు పెట్టలేదు. అయిదారు పాటలయ్యేసరికి తెలియకుండానే పేజీ మీదికి వంగి కూర్చున్నాను. వెనకటి పేజీలు తిప్పుతుంటే ఒకచోట మూడు వారాలు వరసగా తేదీలు మాత్రం ఉండి, కింద ఖాళీగా కనిపించాయి. అడగబోయేంతలో ముప్ఫై నాలుగో నంబరు పాట మొదలైంది.

అందులో ఒకమ్మాయి గొంతు. వెనక తేలిగ్గా ఎవరో ఈల వేస్తున్నట్టు ఒక వాయిద్యం. పోయిన వారం అది ముప్ఫై ఎనిమిదిలో ఉంది. నాలుగు మెట్లు ఎక్కింది. నాకెందుకో అది నా పాట అనిపించింది. ఆంటీతో అంటే, “మంచిదే ఏరుకున్నావు. వచ్చే వారం చూద్దాం ఎంత దూరం వెళ్తుందో” అన్నారు. ఆవిడ మామూలుగానే అన్నారు. నేను మాత్రం లోపల ఒక మొక్కు లాంటిది మొక్కుకున్నాను. ఈ పాట మొదటి పదిలోకి వస్తే అమ్మ బతుకుతుంది. ఈ మాట పైకి అనలేదు. అంటే అది జరగదని భయం.

మాటలూ ప్రకటనలూ ముందుకు తిప్పేస్తూ విన్నా, ఆ వారం ఒకటో నంబరు వచ్చేసరికి పదకొండు కావొచ్చింది. ఆంటీ ఆ వెంటనే తర్వాతి వారం క్యాసెట్ పెట్టారు. నలభై వచ్చింది. ముప్ఫై అయిదు వచ్చింది. నా పాట రాలేదు. అంటే పైకెళ్ళిందన్నమాట! ముప్ఫైలోనూ లేదు, ఇరవై అయిదులోనూ లేదు. నంబరు తగ్గుతున్నకొద్దీ నాకు సంతోషం పెరిగింది. పదకొండున్నర అయింది. ఫోన్ మోగలేదు. ఆంటీ లేచి రిసీవరెత్తి, డయల్ టోన్ వస్తోందో లేదో చూసి పెట్టేశారు. నాన్న సెల్‌కి చేశారు. ఎత్తలేదు. హాస్పిటల్‌కి చేస్తే, అమ్మ ఇంకా ఆపరేషన్ థియేటర్‌లోనే ఉందని మాత్రం చెప్పారు.

పన్నెండు. పన్నెండుంబావు. పదో నంబరు వచ్చింది, నాది కాదు. తొమ్మిది కాదు. అయిదు కాదు. మూడు కాదు. ఒకటో నంబరు ముందు రేడియో మనిషి ఊరిస్తూ డోలు వాయించాడు. పాట మొదలైంది. ఎవరో మగమనిషి గొంతు.

“నా సాంగ్ ఏది ఆంటీ?”

ఆంటీ క్లిప్పు తీసి, ఆ వారం పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి చూశారు. మళ్ళీ ఒకసారి చూశారు. “ఈ వారం లేదమ్మా. పట్టికలోంచి పడిపోయినట్టుంది.”

నేను ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. గుక్క తిప్పుకోలేదు. “దెన్ షీ ఈజ్ గోయింగ్ టు డై! నేను ప్రామిస్ చేశా... టాప్ టెన్‌లోకి వస్తే అమ్మ ఓకే అని...” ఇంకేదో అన్నాను, నాకే అర్థం కాలేదు.

పిల్లను మరిపిద్దామని తెచ్చిన ఆట పిల్లను ఎక్కడికి తీసుకెళ్ళిందో ఆవిడకప్పుడు తెలిసింది. టూ-ఇన్-వన్ ఆపేసి నా ఎదురుగా కింద కూర్చున్నారు. అందరిలా ఏం కాదులే అంటారనుకున్నాను.

“తప్పు నాది. ఆ పాట ఎందుకు పడిపోయిందో తెలుసా? ఆ వారం జనం ఇంకో పాట కొనుక్కున్నారు. అంతే. మీ అమ్మ సంగతి ఆ పాటకి తెలీదు.”

“మరి మీకు తెలుసా?”

“నాకూ తెలీదు నాన్నా.”

పొద్దున్నుంచి, కాదు, ఆ నెలంతా నాతో నిజం చెప్పిన మొదటి మనిషి ఆవిడ. వింతేమిటంటే, ఆ మాట విన్నాక నా ఏడుపు తగ్గింది. ఆంటీ లేచి నా కోటు తెచ్చారు. “ఇక్కడ కూర్చుంటే ఇద్దరికీ తెలీదు. తెలిసే చోటికి పోదాం పద.”

“నాన్న రావద్దన్నారు.”

“మీ నాన్నకి నేను చెప్తాలే.”

కారులో బయల్దేరాం. రోడ్డు మీద మంచునీళ్ళు అద్దానికి చిమ్ముతున్నాయి. నోట్‌బుక్‌లో ఆ మూడు పేజీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అప్పుడడిగాను. “ఆ మూడు ఆదివారాలూ నేను హాస్పిటల్‌లో ఉన్నా” అన్నారు ఆంటీ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. అంతకుమించి చెప్పలేదు. ఆవిడకు కొడుకు కంటే ముందు ఒక పాప పుట్టిందనీ, నెలలు నిండకుండా పుట్టి మూడు వారాలే ఉందనీ, చూడవచ్చిన వాళ్ళందరూ ఆ మూడు వారాలూ ఏం కాదు, ఏం కాదు అనే చెప్పారనీ నాకు తెలిసేటప్పటికి నేను పెద్దదాన్నయ్యాను.

హాస్పిటల్‌లో నాన్న వెయిటింగ్ రూమ్‌లో లేరు. వెతగ్గా వెతగ్గా, కూల్‌డ్రింకుల మెషీన్ పక్కన సందులో, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని కనిపించారు. చేతిలో సెల్‌ఫోన్ తెరిచే ఉంది. నాన్న నేల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పదకొండింటికే డాక్టరు బయటికొచ్చి, రక్తం ఆగడం లేదని, ఇంకా చాలాసేపు పడుతుందని చెప్పి వెళ్ళారట. ఆంటీ వాళ్ళింటికి ఫోన్ చెయ్యాలని నంబరు నొక్కడం, ఏం చెప్పాలో తెలియక కట్టెయ్యడం. రెండు గంటలుగా అదే పని.

నన్ను చూసి, “ఏం కాదమ్మా, అమ్మకి...” అని మొదలుపెట్టారు. మాట పూర్తి కాలేదు. ఎందుకు ఫోన్ చెయ్యలేదని గానీ, ధైర్యంగా ఉండమని గానీ ఆంటీ అనలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ నేల మీదే నాన్నకు అవతలి పక్కన కూర్చున్నారు. నేను ఇవతలి పక్కన కూర్చున్నాను.

కాసేపటికి నాన్న అడిగారు, పొద్దున్నుంచి ఏం చేశావని. చెప్పాను. పాటలు, నంబర్లు, ఎక్కడం, జారడం. నా పాట పడిపోయిందని కూడా చెప్పాను. మొక్కు సంగతి మాత్రం చెప్పలేదు. నాన్నకు ఇంగ్లీషు పాట ఒక్కటీ తెలియదు. కారులో కూడా వార్తలే వినేవారు. అలాంటి మనిషి గోడకేసి చూస్తూ, “నలభయ్యోది ఏది?” అన్నారు.

చెప్పాను. “తర్వాత?” అన్నారు. ముప్ఫై తొమ్మిది చెప్పాను. నేను మర్చిపోయిన చోట ఆంటీ అందించారు. ఒక పాటలో ఏముందని అడిగితే, ఆంటీ చాలా గంభీరంగా, ఒకతను ఒకమ్మాయికి ఫోన్ చేస్తాడు, ఆ అమ్మాయి ఎత్తదు, పాటంతా అదేనని చెప్పారు. నాన్న ఓ చిన్న నవ్వు నవ్వారు. ఆ నవ్వులో తడి ఉంది. పట్టుకున్న నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఎవరైనా తలుపు తోసుకుని వస్తే ముగ్గురం ఒకేసారి తలెత్తేవాళ్ళం. మాకోసం కాదని తెలిశాక నాన్న మళ్ళీ, “ఊఁ, తర్వాత?” అనేవారు.

పంతొమ్మిదో పాట దగ్గర ఉండగా డాక్టరు వచ్చారు. గడ్డ తీశామని, రక్తం ఆగిందని, మెలకువ వస్తే గానీ ఏమీ చెప్పలేమని అన్నారు. మర్నాడు పొద్దున అమ్మ కళ్ళు తెరిచింది. నా పేరు పలకడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. కుడిచెయ్యి ఏడాది పాటు స్వాధీనంలోకి రాలేదు. ఆ ఏడాదంతా నా జడ నాన్నే వేశారు, చాలా అధ్వాన్నంగా. కానీ అమ్మ బతికింది.

ఇప్పుడు పిల్లలు నన్ను ఆంటీ అని పిలుస్తున్నారు. నా తలలోనూ తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఆ రోజు గురించి చాలా ఏళ్ళపాటు నా భయాన్నే తలుచుకునేదాన్ని. పదకొండేళ్ళ పిల్లను, ఎంత భయపడ్డానో పాపం అని. పెద్దయ్యేకొద్దీ వేరే సంగతి కనిపించింది. ఆ పొద్దుటంతా నా పక్కన ఒక మనిషి ఉన్నారు. నాన్న పక్కన ఎవరూ లేరు.

అందుకే మావాళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే, అందరూ పూలూ పళ్ళూ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్తారు. నేను ముందు బయట వెతుకుతాను. పార్కింగ్‌లో కారు ఆపి దిగకుండా కూర్చున్న భర్తో, కాఫీ కప్పు పట్టుకుని తాగడం మర్చిపోయిన తల్లో ఎక్కడో ఒకచోట ఉంటారు. వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏం కాదని మాత్రం అనను. వాళ్ళు ఏదైనా చెప్తే, తర్వాత ఏమైందని అడుగుతాను.