శుక్రవారం మేక

లుబోర్ గుమ్మంలో అడుగుపెట్టగానే నాలుగేళ్ళ కూతురు అపొలేనా గబగబా వచ్చి, చెప్పుల అరలోంచి ఒక జత తీసి అతని కాళ్ళ ముందు పెట్టింది. అవి అతనివి కావు. చుట్టాలొస్తే వేసుకోవడానికని అక్కడ అందరిళ్ళలోనూ గుమ్మం దగ్గర ఉంచుతారే, ఆ బూడిదరంగు ఇంటిచెప్పులు. అతను వాటిలోనే కాళ్ళు దూర్చాడు గానీ లోపలెక్కడో కలుక్కుమంది.

పిల్లది తప్పనడానికి లేదు. లారీ వేసుకుని ఆదివారం సొంతూరు ప్రెరోవ్‌లో బయల్దేరినవాడు జర్మనీ, హాలెండ్ అన్నీ చుట్టబెట్టి శుక్రవారానికి గానీ ఇల్లు చేరడు. చేరాక ఒళ్ళు తెలియని నిద్ర. పిల్లకి తెలిసిన నాన్నంటే వారానికోసారి వచ్చి గురకపెట్టి వెళ్ళే పెద్దమనిషి. భార్య రదానా ఆసుపత్రిలో నర్సు, శుక్రవారం సాయంత్రాలు డ్యూటీలో ఉంటుంది. ఇల్లు నడిపేది అత్తగారు బ్లాజెనా. ఆవిడ నోటికి తాళం వేసే మొనగాడు మొరావియా సీమ మొత్తంలో ఇంకా పుట్టలేదు.

"మర్యాద చేస్తోందిగా, సంతోషించు అల్లుడూ! నిరుడైతే నిన్ను చూసి ఏడ్చేది," అంది గసగసాల బన్నులు పళ్ళెంలో సర్దుతూ.

కూతురు తనకి దక్కకుండా పోతోందని లుబోర్‌కి బెంగ పట్టుకుంది. చేజిక్కించుకునే దారి కూడా ఒకటి తోచింది. వాళ్ళ దేశంలో చిన్నపిల్లలున్న ఇళ్ళలో సాయంత్రం పావుతక్కువ ఏడంటే ఒక ముహూర్తం. పళ్ళు తోముకుని, పైజమా వేసుకుని, టీవీలో బొమ్మల కథ ఒకటి చూసి మంచమెక్కాలి. అతను పెరిగిందీ అలాగే. ఆ కాసేపూ పిల్ల పక్కన తను కూర్చుంటే చాలనుకున్నాడు.

మరి ఏం చూడాలి? తోటి డ్రైవర్లని అడిగితే, "కళ్ళున్న కార్లు పందెం వేసుకునేది ఉంది చూడు, మా వాళ్ళు దానికి పడి చస్తారు," అన్నారు. సరే, తర్వాత వచ్చిన శుక్రవారం అదే పెట్టాడు. ఓరి దేవుడా, ఏం గోల! కార్లు అరుస్తాయి, చక్రాలు అరుస్తాయి, చివరికి పెట్రోలు బంకు కూడా అరుస్తుంది. లుబోర్ పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదులే అనుకుని, ఉండుండి హహహా అంటూ కూర్చున్నాడు.

అపొలేనా అతని మొహంలోకి చూసింది. "నీకు నవ్వు రాలేదు."

"ఎందుకు రాలేదమ్మా? వచ్చింది."

"రాలేదు. నోరే నవ్వింది."

ఆ తర్వాత కాసేపటికి అతను కూర్చున్నచోటే గుర్రు పెట్టాడు. పిల్ల లేచి వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చుంది. పిల్లల్ని మాయచెయ్యడం ఎవరి తరం? మనకి రుచించనిది వాళ్ళ నోట్లో కుక్కి, మనం లొట్టలేస్తే నమ్ముతారా?

మరుసటి శుక్రవారం అతను తన చిన్ననాటిదొకటి వెతికి పట్టుకొచ్చాడు. గుడ్డబొమ్మలతో తీసింది. బావులు తవ్వే ఒక ముసలాయనా, ఆయన మేకా. ఆయన లోపల తవ్వుతుంటే మేక ఒడ్డున నిలబడి మేస్త్రీలాగా మొహం పెట్టి చూస్తుంటుంది. అంతలో బావి తనిఖీకి ఒక ఆఫీసరు వస్తాడు. కాగితం తీస్తాడు, కళ్ళజోడు తుడుచుకుంటాడు, మళ్ళీ కాగితం తీస్తాడు. ఈలోగా మేక ఆ కాగితాన్ని నింపాదిగా నమిలి మింగేసింది.

లుబోర్‌కి నవ్వు ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో, ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. అపొలేనా తెర చూడడం మానేసి అతన్నే చూసింది.

"ఏమైంది?"

"ఆ ఆఫీసరు... రోడ్డు మీద మా లారీ కాగితాలు చూసే ఆయన అచ్చం ఇలాగే ఉంటాడే తల్లీ! ఇలాగే కళ్ళజోడు తుడుస్తాడు."

"ఆయన కాగితం కూడా మేక తింటుందా?"

"తింటే నాకు అంతకన్నా కావలసిందేముంది!"

పిల్ల పకపకా నవ్వింది. "మళ్ళీ తుడువు, కళ్ళజోడు," అంటూ దగ్గరికి జరిగింది. లేని కళ్ళజోడుని అతను ఎన్నిసార్లు తుడిచాడో లెక్కలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. లారీలో ఒంటరిగా పడుకుని ఫోనులో ఒకదాని వెంట ఒకటి చూడడం మరిగిన మనిషి, ఉబ్బితబ్బిబ్బై రెండోది నొక్కేశాడు.

"ఒక్కటే చూడాలి! తర్వాత పడుకోవాలి. నీకు తెలీదా?" అంది పిల్ల.

"ఇవాళ నేనొచ్చానుగా, ఫరవాలేదు."

మూడోది సగం కాకముందే పిల్లకి నిద్రముంచుకొచ్చి, కోపమొచ్చి, ఏడుపొచ్చింది. "అమ్మమ్మా, ఈయన నన్ను పడుకోనివ్వట్లేదు!" అని ఇల్లు పీకి పందిరేసింది.

"ఇల్లనుకున్నావా, లారీ అనుకున్నావా? పిల్ల పద్ధతి పిల్లకి తెలుసు, నీకే తెలీలేదు," అని బ్లాజెనా దాన్ని ఎత్తుకుపోయింది. చేతికందింది నోటికందకుండా పోయిందని లుబోర్ వారమంతా స్టీరింగు ముందు కుమిలిపోయాడు.

తర్వాతి శుక్రవారం దారిలో ఎక్కడో ప్రమాదం జరిగి బళ్ళన్నీ బారులు తీరాయి. అతను ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటింది. పావుతక్కువ ఏడు ఎప్పుడో గడిచిపోయింది. అత్తగారు వంటింట్లో ఉంది. అతను తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏం మేకని తెచ్చిపెట్టావయ్యా మా ప్రాణానికి?" అంది ఆవిడ.

"ఏమైంది అత్తయ్యా?"

"సోమవారం అది పెడదామంటే రిమోట్ లాక్కుంది. అది శుక్రవారందట, ముట్టుకోకూడదట! ఇవాళ పైజమా వేసుకుని సోఫా ఎక్కి కూర్చుంది. నువ్వు రాలేదు. సరే, నేను పెడతానే అంటే వద్దంది. ఏమీ చూడకుండా వెళ్ళి పడుకుంది."

లుబోర్ చప్పుడు చెయ్యకుండా గది తలుపు తోశాడు. జూన్ నెల వెలుతురు ఇంకా కిటికీలో ఉంది. అపొలేనా కళ్ళు తెరుచుకునే ఉంది.

"రోడ్డు మీద ఇరుక్కుపోయానమ్మా," అన్నాడు. "ఒక్కటి చూద్దామా? చిన్నదే."

"టైమైపోయింది," అంది కచ్చితంగా. "రేపు చూద్దాం. నువ్వు ముందే పళ్ళు తోముకుని రావాలి."

"అమ్మమ్మ పెడతానందటగా, చూడకపోయావా?"

"అమ్మమ్మకి నవ్వు రాదు," అంది పిల్ల. "నువ్వు లేకపోతే మేక బాగుండదు."

అని అటు తిరిగి దుప్పటి ముసుగేసుకుంది. లుబోర్ పొమ్మన్నా పోబుద్ధికాక, ఆ మంచం పక్కన నేలమీదే చతికిలబడ్డాడు.