పెదవుల మధ్య గుండుసూదులు

మా ఆయనను అందరూ గుండుసూదుల మాస్టారు అనేవారు. ఆయన దర్జీ. దర్జీలందరూ నోట్లో గుండుసూదులు పెట్టుకుంటారు కదా, ఇందులో వింతేముంది అంటారేమో. మిగతావాళ్ళు గుడ్డకు గుచ్చడానికి పెట్టుకుంటారు. ఈయన తన నోరు మూసుకోవడానికి పెట్టుకునేవారు.

పెళ్ళయిన కొత్తలో ఆయన కత్తెర కంటే నోటికే పదునెక్కువ. అప్పట్లో కొట్టులో మా మరిది కూడా ఆయనతోపాటే కుట్టేవాడు. ఒకరోజు ఎవరిదో పెళ్ళికోటుకు చేతులు పొట్టిగా కత్తిరించేశాడు. కోటు తాలూకు మనిషి చూస్తుండగానే ఈయన, "నువ్వు బతికి ఎవర్ని ఉద్ధరించాలిరా" అన్నారు. మా మరిది మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర లారీ గుద్దింది. ఇంటికి శవమే వచ్చింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని అందరం అంటూనే ఉంటాం. నిజంగా తీసుకోలేకపోయిన మనిషితో నేను కాపురం చేశాను. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, ఈ నోరు నాకొద్దు, నువ్వే పట్టుకో" అని ఏడ్చారు. మర్నాటి నుంచి కోపం వచ్చినప్పుడల్లా చొక్కా కాలరుకు గుచ్చుకున్న గుండుసూది తీసి పెదవుల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టారు. సూది ఉన్నంతసేపూ మాట రాదు. ఆ కాస్తలో కోపం చల్లబడుతుంది.

మొదట్లో నాకూ నవ్వొచ్చేది. నడుము పెంచుకుని వచ్చి, ప్యాంటు బిగుతుగా కుట్టారని దెబ్బలాడేవాళ్ళకు ఒక సూది. మా పుట్టింటివాళ్ళు వస్తే రెండు. నాకు మూడు. నేను ఊరుకునేదాన్నా? నాకు అందరి గొంతులూ వచ్చు. ఆ దెబ్బలాడినాయన గొంతు, పాస్టరుగారి గొంతు, వీధి చివర పాలవాడి గొంతు అన్నీ అనుకరించి ఆయన్ని నవ్వించేదాన్ని. సూదులు గుచ్చుకుంటాయని నవ్వలేక, నవ్వాపుకోలేక అవస్థపడేవారు పాపం.

కానీ ఆ కాపలా మంచి మాటను కూడా లోపలే ఆపేసింది. కూర బాగుందని అనరు. మెచ్చుకుంటే గర్వం వస్తుందని పిల్లనూ మెచ్చుకోరు. మాకు ఒక్కతే అమ్మాయి. బళ్ళో మొదటి మార్కు తెచ్చుకుని కాగితం చూపిస్తే, రెండుసార్లు చదివి, మడిచి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చారు. రాత్రి ప్రార్థనలో మాత్రం ఆ కాగితం గురించే దేవుడికి చెప్పుకున్నారని ఆయన కళ్ళ తడి చూసి నాకు తెలిసింది. పిల్లకెలా తెలుస్తుంది? "అమ్మా, నోట్లో సూదులు లేనప్పుడు కూడా నాన్న ఎందుకు మాట్లాడరు" అని అడిగింది. పోయి ఆడుకోమన్నాను.

అమ్మాయి పెద్దదై, ఫోన్లు బాగుచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంది. ఆ అబ్బాయి చర్చి గడప తొక్కినవాడు కాదు. ఆయన ప్యాంటు కుడుతుంటే మిషను పక్కకు వచ్చి నిలబడింది.

"నాన్నా, మీరు వద్దంటే ఆగిపోతాను. సరే అంటే మీ చేత్తో కుట్టిన బట్టలు కట్టుకుని వెళ్తాను. ఏదో ఒకటి అనండి."

ఆయన కాలరు నుంచి మూడు సూదులు తీసుకున్నారు. ప్యాంటు రెండు కాళ్ళూ అయ్యాయి, నడుంపట్టీ అయింది, గుండీల కాజాలూ అయ్యాయి. అంతసేపూ పిల్ల కదల్లేదు. తర్వాత లోపలికెళ్ళి సంచీ తెచ్చుకుంది. నేను వెంటపడి, "ఆగవే, నేను చెప్తున్నాగా" అన్నాను. "నువ్వు రోజూ చెప్తూనే ఉంటావమ్మా. నాకు ఆయన మాట కావాలి" అని మెట్లు దిగిపోయింది.

నా ఒళ్ళు మండిపోయింది. "వద్దనైనా అనొచ్చు కదండీ. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అది అడిగింది కూడా" అన్నాను. ఆయన సూదులు తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "నోరు తెరిస్తే ఏమొస్తుందో నాకే తెలీదే. తమ్ముడితో ఏమన్నానో విన్నావుగా" అన్నారు.

ఏళ్ళు గడిచాయి. అమ్మాయి నాతో ఫోన్లో మాట్లాడేది, ఆయన ఊసెత్తితే పెట్టేసేది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో మా ఆయన్ని చూపించి, "నాలుకను గెలిచిన మనిషి మన సంఘంలో ఉన్నారు" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆయన తలెత్తలేదు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కూర్చుని, "నాలుకను కట్టెయ్యమని దేవుడు చెప్పాడనుకున్నానే. కూతురికి మంచినీళ్ళివ్వని చెయ్యి ఎంత శుభ్రంగా ఉంటే మాత్రం ఏం లాభం" అన్నారు. సూదులు పెట్టుకోవడం మొదలయ్యాక ఆయన ఒక్కసారిగా అంత మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో గిన్నెలు సర్దుకుంటుంటే ఆయన గొంతు వినిపించింది. తెర పక్కకు జరిపి చూశాను. గౌను తొడిగిన బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇంటికి రా తల్లీ, తప్పు నాది" అంటున్నారు. సగంలో ఆగిపోతున్నారు. మళ్ళీ మొదలుపెడుతున్నారు. ముందు నవ్వొచ్చింది. తర్వాత చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ వారమంతా కొట్టు ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆయనకదే పని.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. అల్లుడి ఫోన్ల కొట్టు మీద గది. అమ్మాయి తలుపు తీసింది. నన్ను దాటి ఆయన్నే చూసింది.

"ఇన్నాళ్ళకు దారి తెలిసిందా నాన్నా? ఆ రోజు మీ మిషను ఆగుతుందేమోనని ఎంతసేపు నిలబడ్డానో తెలుసా? కొట్టుకొచ్చేవాళ్ళతోనైనా ఓ మాట మాట్లాడతారు. నేనేం చేశానని?"

ఆయన ముఖం ఎర్రబడింది. అది కోపం కాదు, ఏడుపు. నాకు తెలుసు. కానీ ఎన్నేళ్ళ అలవాటో, చెయ్యి దానంతటదే కాలరు దగ్గరికి పోయింది. సూది పెదవుల మధ్యకు వచ్చింది. అమ్మాయి చూసింది. "మీరు మారలేదు. వెళ్ళండి నాన్నా" అని నెమ్మదిగా తలుపు వేసేసింది. మీ నాన్న ఏడుస్తున్నారే అని నేను తలుపు బాదాను. తీయలేదు.

బస్సులో చాలా దూరం వచ్చాక ఆయన అన్నారు: "వచ్చే ఆదివారం సూదులు ఇంట్లో పెట్టి వద్దాం."

"డబ్బా నేను దాచేస్తాను, మీకు కనబడదు" అన్నాను. చిన్నగా నవ్వారు. ఇంటికి రాగానే కాలరుకున్న సూదులన్నీ తీసి నా చేతిలో పోశారు.

ఆ ఆదివారం రాలేదు. గురువారం పొద్దున మిషను మీద తల వాల్చి ఉంటే ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. కాఫీ చల్లారిపోతోందని భుజం తట్టాను.

అమ్మాయి వచ్చింది. శవపెట్టె పక్కన కూర్చుని ఆయన కాలరు అంచు వెంట వేలు పోనిచ్చింది.

"సూదులేవమ్మా?"

"తీసేశారే. నీ దగ్గరికి రావాలని." బొమ్మ ముందు నిలబడటం, సగంలో ఆగిపోవడం, మళ్ళీ మొదలుపెట్టడం అన్నీ చెప్పాను.

"ఏమనేవారు?"

"ఇంటికి రా తల్లీ, తప్పు నాది."

"నువ్వన్నట్టు కాదు. నీకు అందరి గొంతులూ వచ్చుగా. నాన్న అన్నట్టు చెప్పు."

నోరు తెరిచాను. పాస్టరుగారి గొంతు వస్తుంది. పాలవాడి గొంతు వస్తుంది. ఆయన గొంతు ఎంత వెతికినా దొరకలేదు. ఒక జీవితమంతా పక్కనే ఉండి, అంత తక్కువ విన్నాను.

"చెప్పమ్మా" అని అది నా చెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉంది.