శుక్రవారం కాగితం రాసే మా ప్రమీల టీచర్

నిన్న పొద్దున ఎనిమిది గూడ కాలే, క్లాస్ గ్రూపుల మెసేజ్ వచ్చింది.

"రెండో తరగతి ప్రమీల టీచర్ ఇక లేరు. హార్ట్ ఎటాక్."

అప్పుడు నేను మా బిడ్డ సహస్రకు జడ ఏస్తున్న. ఒకటి అయింది. రెండోది ఎట్ల ఏసిన్నో యాదికి లేదు.

మొన్న సాయంత్రమే కదా, బడి గేటు కాడ నిలబడి చెయ్యి ఊపింది!

రాంగ్ మెసేజ్ అనుకున్న. ఒకరికి ఫోన్ చేసిన. ఇంకొకరికి చేసిన. మూడో ఫోన్‌కు అటు దిక్కు నుంచి ఏడుపే వినొచ్చింది.

గప్పటి సంది ఒక్కకాడ కూసుంటలేను. దుకాణం తెరుస్తున్న, మళ్ల షట్టర్ గుంజుతున్న. ఫోన్ చూస్తున్న, పక్కకు పెడుతున్న. రాస్తెనన్న జర నెమ్మది అయితదేమో అని రాస్తున్న.

టీచర్‌ను తెల్వనోళ్లకు చెప్త.

నారాయణగూడల ఒక గల్లీల చిన్న బడి. అండ్ల రెండో తరగతి టీచర్ ఆమె. ప్రతి శుక్రవారం పిల్లల ఇండ్లకు ఒక కాగితం పంపేది. సొంత చేతిరాత. ఈ వారం క్లాసుల ఏం నేర్చుకున్నరు, వచ్చే వారం ఏం చెప్తది, ఇంట్ల మనం పిల్లల్ని ఏం అడగాలె, అన్నీ ఉండేటివి. కింద పిల్లల ముచ్చట్లు.

"చరణ్ బూటు లేసు సొంతంగ కట్టుకున్నడు."

"అయేషా తీసివేతలు పక్కన కూసున్న పాపకు నేర్పింది."

మార్కులు, ర్యాంకులు ఒక్కటి గూడ రాసేది కాదు.

ఆ కాగితం జిరాక్స్ తీసేది నేనే. అశోక్ నగర్‌ల మాది జిరాక్స్ దుకాణం. క్లాసుల ముప్పై నాలుగు మంది, ముప్పై నాలుగు కాపీలు.

ఈ ఏడు బడి మొదలైన కొత్తల కాగితంల మా సహస్ర పేరు మూడు వారాలు రాలే. నాలుగో శుక్రవారం గూడ లేకపోయేసరికి నాకు మండింది. దుకాణం నిండ సర్కార్ నౌకరీ పరీక్షలకు చదివే పోరగాండ్లు నోట్స్ పట్టుకొని నిలబడ్డరు. కాగితం తెచ్చిన టీచర్ మీద వాళ్ల ముంగటనే అరిచిన.

"మా పాప మీ కండ్లకు కనబడ్తలేదా టీచర్? ఒక్క మంచి ముచ్చట దొరకలేదా?"

ఆమె పోయి బెంచి మీద కూసున్నది. అందరు ఎల్లిపొయ్యేదాంక ఆగి, నిమ్మలంగ అన్నది.

"రజితా, సహస్రకు చదవొస్తలేదమ్మా."

"ఏం మాట్లాడ్తున్నరు? పుస్తకం మొత్తం గడగడ చదువుతది!"

"చదువుతలేదు. బట్టీ పట్టింది. బొమ్మ చూసి, యాదికి తెచ్చుకొని చెప్తున్నది. నాకే శానా రోజులు తెల్వలే."

నేను నమ్మలే. లోపల ఆడుకుంటున్న సహస్రను పిలిచిన. టీచర్ ఒక రఫ్ కాగితం మీద అదే పాఠంల మాటలు తారుమారు చేసి పెద్దగ రాసింది.

పాప కాగితం దిక్కు చూసింది. నా దిక్కు చూసింది.

ఒక్క మాట రాలే.

పొద్దంత అచ్చు కాగితాల నడుమ ఉండేదాన్ని నేను. నా బిడ్డ ఇన్ని దినాలు ఎంత భయపడుకుంట దాచిందో నాకు తెల్వకపాయె.

కోపంతోని చెయ్యి లేపిన. టీచర్ నా చెయ్యి పట్టుకున్నది.

"కొట్టకు. ఇని ఇని అంత పాఠం యాదికి పెట్టుకున్నదంటే ఎంత తెలివి! ఆ తెలివితోనే చదివిద్దాం."

సోమవారం సంది బడి ఇడవంగనే టీచర్ సహస్ర చెయ్యి పట్టుకొని, నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదికెళ్లి మా దుకాణం దాంక నడిచేది. తొవ్వల దుకాణాల బోర్డులే పుస్తకం. టిఫిన్స్. మెడికల్. కిరాణం. అక్షరం అక్షరం కూడుకొని చదవాలె. అందాజకు చెప్తే ఒప్పుకునేది కాదు. హారన్లు, వాన, ఆమెకేమో మోకాళ్ల నొప్పులు.

"ఆటోల రండి టీచర్" అన్న ఒకసారి.

"ఆటోల పోతే బోర్డులు ఉరుకుతయి రజితా" అని నవ్వింది.

గిట్ల మూడు నెలలు.

ఒక శుక్రవారం కాగితం మెషిన్ మీద పెట్టబోయి ఆగిపోయిన. అడుగున ఉన్నది.

"సహస్ర బస్సు మీద 'కాచిగూడ' అని ఎవరూ చెప్పకుండ చదివింది. బస్సు పోయినంక గూడ చదువుతనే ఉన్నది."

కండ్లు మసక అయినయి. ముప్పై నాలుగు తీసి, ఇంకొకటి తీసి బీరువల దాసుకున్న.

గని ఆ రోజు అందరి ముంగట అరిచినందుకు మాఫీ చెయ్యుమని అడగలే. అడుగుదాంలే, ఏడికి పోతది అనుకున్న. ప్రతి శుక్రవారం ముంగటనే నిలబడేది. "టీచర్" అని పిలిచేదాన్ని, "ఎన్ని కాపీలు" అని అడిగేదాన్ని. అంతే.

నిన్న పొద్దున గ్రూపుల లొల్లి మొదలైంది. పిల్లలకు చెప్పాల్నా, వద్దా? ఊరికి పోయిందందాం అని ఒకరు. వేరే బడికి మారిందందాం అని ఒకరు. నాకు ఏం రాయాల్నో తోచక ఫోన్ టేబుల్ మీద పెట్టి నీళ్లకు పోయిన.

తిరిగొచ్చేసరికి సహస్ర ఫోన్ పట్టుకొని ఉన్నది. ఏలు పెట్టి చదువుతున్నది.

"టీచర్ చనిపోయిన సంగతి పిల్లలకు చెప్పొద్దు."

తల ఎత్తింది.

"నాకెందుకు చెప్పొద్దమ్మా?"

కింద కూసొని దగ్గరికి తీస్కొని చెప్పిన. అంతా నిజమే చెప్పిన.

"నొప్పి అయిందా?" అన్నది.

"తెల్వదు బిడ్డా."

"నన్ను తీస్కపో."

గాంధీనగర్‌ల టీచర్ వాళ్లింటికి తీస్కపోయిన. సహస్ర పోయి టీచర్ కాళ్ల దగ్గర నిలబడ్డది, ఏడ్వలే. నేను మాత్రం ఆమె చెవి కాడికి వంగి, అడగాల్సింది అడిగిన. అప్పటికి ఆలస్యమైంది.

పోయిరా టీచర్.

శానా నడిచినవు మా కోసం. ఇగనన్న ఏ తొందర లేని చోట, ఏ నొప్పి లేకుండ నువ్వు ఆరాంగ ఉండాలె.