స్ట్రెచర్ మీది మనిషి

మా అమ్మ వాళ్ల నాన్నను చూడలేదు. ఆమె ఇంకా కడుపులో ఉండగానే ఆయన బర్మా వైపు యుద్ధానికి వెళ్లాడు. తుపాకీ పట్టడానికి కాదు. గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద వేసుకొని అంబులెన్సు దాకా మోసే పనికి, ఎవరూ పొమ్మనకుండానే పేరిచ్చి మరీ వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆయనకు బదులు ఒక బొమ్మ వచ్చింది. యుద్ధం జరిగే చోటికి దగ్గర్లోనే కూర్చొని బొమ్మలు వేసే చిత్రకారుడెవరో వేసిందట. తాతతో పాటు పనిచేసినాయన దాన్ని తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టి, "ఈ బొమ్మల మీ ఆయన ఉన్నడమ్మా" అని చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడట.

బొమ్మ చిన్నదే, రంగులతో వేసింది. అందులో ముగ్గురే మనుషులు. ఇద్దరు బురదలో స్ట్రెచర్ మోసుకుంటూ అవతలికి నడుస్తుంటారు, వాళ్ల వీపులే మనకు కనబడతాయి. స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి మాత్రం కట్టు కట్టిన తల ఇటు తిప్పి సూటిగా మన వైపే చూస్తుంటాడు.

ఇందులో మీ నాన్న ఉన్నాడంటే ఏ పసిపిల్లైనా ఎటు చూస్తుంది? ముఖం వైపే కదా. అమ్మ ఆ ముఖాన్నే బాపు అనుకుంది. మోసేవాడికే దెబ్బ తగిలితే తోటివాళ్లు తీసుకుపోతున్నారని తనే కథ కూడా అల్లుకుంది. అమ్మమ్మ కాదనలేదు. ఏటా పెత్రామాస నాడు, అంటే పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య నాడు, పటం కట్టించిన ఆ బొమ్మ అద్దం మీద సరిగ్గా ఆ నుదుటి దగ్గరే కుంకుమ బొట్టు పెట్టేది. వీపుకు బొట్టు ఏం పెడతాం అనుకుందేమో. ఆమె పోయాక, కొడుకులు లేరు కాబట్టి, ఆ బియ్యం ఇచ్చే పని అమ్మకొచ్చింది. మేమూ ఆ ముఖానికే మొక్కాం. పరీక్షల ముందు నేను మరీ గట్టిగా మొక్కేదాన్ని. ఎన్నడూ ఫెయిల్ కాలేదు, తాత మహిమే అని అమ్మ అందరికీ చెప్పుకునేది.

అద్దం తుడవడానికి మాత్రం ఒప్పుకునేది కాదు. తుడిస్తే పెద్దల బొట్టు పోతుందట. పాత బొట్టు మీదే కొత్త బొట్టు. అగరొత్తుల పొగ, ఉప్పుగూడలో మా ఇంటి గోడల చెమ్మ కూడా తోడై, చివరికి ఆ ముఖం ఉందంటే ఉంది, లేదంటే లేదు.

ఇప్పుడు అమ్మకు ఎనభై దాటాయి. ఈ మధ్య కళ్లకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అడిగింది.

"బాపు మొఖం పెద్దగ తీపిచ్చుకరా బిడ్డా. మొత్తం చీకటి గాకముందు ఒక్కపారి మంచిగ చూసుకుంట."

బొమ్మ పట్టుకొని హుస్సేనీ ఆలంలోని ఒక ఫొటో స్టూడియోకు వెళ్లాను. చనిపోయినవాళ్ల పాత ఫొటోలకు కోటు తొడగడంలో, లేని మీసం మొలిపించడంలో అక్కడి భాయ్ దిట్ట. ఆయన అద్దం విప్పి, బొమ్మను ఫొటో తీసి, కంప్యూటర్ మీద ముఖాన్ని పెద్దది చేశాడు. చేసి నా వైపు తిరిగాడు.

"ఈయన ఎవరు అక్కా?"

"మా తాత."

"తాతనా? కండ్లు నీలంగున్నయి గదా!"

నిజమే. నీలం కళ్లు. కట్టు కింద ఎండుగడ్డి రంగు జుట్టు. మీసం కూడా సరిగ్గా రాని తెల్లపిల్లాడు. ఇన్నేళ్లుగా మేం పెత్రామాసకు బొట్టు పెడుతున్నది ఎవరో దొరల బిడ్డకన్నమాట. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే అమ్మ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సంగతి చెబితే భాయ్ తేలిగ్గా తీసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు అక్కా. కండ్లు నల్లగ చేస్త, జుట్టు గూడ. అమ్మీకి ఏం తెలుస్తది?"

అబద్ధమెందుకు, ఆశపడ్డాను. చూపు పోతున్న మనిషికి ఇప్పుడీ నిజం ఎందుకు? కానీ ఆయన మౌస్ కదిపి ఒక కన్ను నల్లగా చేసేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లాడి కోసం కూడా ఎక్కడో ఎవరో ఎదురుచూసి ఉంటారు కదా. "వద్దు భాయ్, ఉన్నది ఉన్నట్టే తియ్యి. ఆ మోసేవాళ్లను గూడ పెద్దగ తియ్యి" అన్నాను.

ఇంటికొచ్చి, అమ్మ పక్కన కూర్చొని మొత్తం చెప్పాను. ఆమె ఆ ముఖాన్ని కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది.

"అంటే, బాపు నా దిక్కు చూస్తనే లేడా?" అంది. "నా పెండ్లి ముచ్చట ఈ మొఖానికే చెప్పుకుంటి. మీ నాయిన పోయిన నాడు ఈడనే కూసొని ఏడిస్తి."

ఫొటోలు బోర్లించి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ కళ్లేవో నల్లగా చేయించుకొచ్చినా బాగుండేదని రోజూ అనుకున్నాను. నిజం చెప్పి నేను బావుకున్నదేమిటి?

పెత్రామాస వచ్చింది. చాటలో బియ్యం, కూరగాయలు సర్ది, కొత్త అద్దం వేయించిన బొమ్మను దించి అమ్మ ముందు పెట్టాను. అలవాటు ఎక్కడికి పోతుంది? నా వేలు కుంకుమతో ఆ ముఖం మీదికే పోయింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"వానికి పెట్టకు."

ఇంకా కోపం తగ్గలేదనుకున్నాను. "ఎందుకమ్మా?"

"గీ బొట్టు సచ్చినోళ్లకు. గా పిలగాడు బతికే ఉంటడు. బాపు మోసిండు గద."

అప్పుడు బతికినా ఇంతకాలం ఉంటాడా అని నోటిదాకా వచ్చింది. కుంకుమ భరిణె ఆమె చేతిలో పెట్టాను.

మోసే ఇద్దరిలో తాత ఎవరో మాకు తెలియదు. అమ్మ అద్దానికి ముక్కు తగిలేంతగా వంగి, వెతికి వెతికి రెండు వీపులకూ బొట్టు పెట్టింది.

"నా దిక్కు మర్లి చూస్తే గా పిలగాడు కింద పడుతుండె బిడ్డా" అంది.