మూరకు నాలుగు వేళ్లు

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. బహదూర్‌పురాలో మా గల్లీ చివర, గుడి వెనక గదిలో మధ్యాహ్నాలు క్లాసు జరిగేది. పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన పూలు కట్టి, అమ్మి, గంప బోర్లించి వెళ్లేదాన్ని. చదువు చెప్పేది పూజారిగారి కోడలు. ఒక వారపత్రిక తెచ్చి మా అందరితో తలా ఒక పేరా చదివించేది.

ఒకరోజు పాతబస్తీలో పూలమ్మే ఆడవాళ్ల మీద వ్యాసం వచ్చింది. నా వంతు పేరా కూడబలుక్కుంటూ చదివాను. కొలిచేటప్పుడు వేళ్లు కొంచెం మడిచి మూర తగ్గిస్తామట. అదీ మా గడుసుతనమేనని మెచ్చుకున్నట్టు రాశాడు.

పక్కనున్నామె కిసుక్కున నవ్వింది. “ఏందక్కా, నీ గుట్టు పేపర్లకెక్కిందా?”

నాకు ఒళ్లు మండిపోయింది. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా కొలిచాక, అక్కడ నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, అంత మాల కూడా వదిలాకే మేం దారం తెంపుతాం. ఆ నాలుగు వేళ్లు దేవుడివి. మా అత్త నాకు ముడి వేయడం కంటే ముందు నేర్పింది అదే. నా చేతులు పొట్టి. అందుకని నేను ఆరు వేళ్లు వదులుతాను.

ఆ మాటే పత్రికకు రాశాను. ఒక పేజీ నింపడానికి మూడు రోజులు పట్టింది. రాసినాయన మా గంప దగ్గరికి రావాలి, నేను తెంపిన మూరను తన చేత్తో కొలవాలి, తక్కువైతే బజార్లో నన్ను తిట్టాలి, ఎక్కువైతే అదే పత్రికలో తప్పు ఒప్పుకోవాలి అని ముగించాను.

“మంచిగ రాసినవమ్మా. జర సాఫు చేసి నేనే పంపిస్త” అంది టీచరమ్మ. ఇచ్చేశాను. అదే నేను చేసిన తప్పు.

కొన్ని వారాలకు ఉత్తరం అచ్చయింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను చదువుకున్నాను. చక్కని వ్యాసం వేసినందుకు కృతజ్ఞతలట. ఈ వయసులో పత్రిక చదవగలగడం నా అదృష్టమట. మూర లేదు, వేళ్లు లేవు, రమ్మన్న మాట లేదు. కింద నా పేరు మాత్రం ఉంది.

“నేను గిట్ల రాయలే గదా, టీచరమ్మా?”

“గంత కోపంగ రాస్తే ఎవరేస్తరమ్మా? పేరైతే పడ్డది. మస్తు సంబురపడాలె నువ్వు.”

“నా పేరు పెట్టి మీరు మాట్లాడితిరి. నాకేం సంబురం?”

ఆమె ముఖం చిన్నబోయింది. నాకు జాలి కలగలేదు. ఇన్నేళ్లూ కాగితంలో ఏముందో ఎవరో చెబితే నమ్మి వేలిముద్ర వేశాను. ఆ బతుకు వద్దనే కదా ఈ వయసులో పలక పట్టింది! ఇప్పుడూ ఎవరో రాసుకున్నారు. వేలిముద్ర ఉండాల్సిన చోట నా పేరుంది, అంతే తేడా.

ఆ సాయంత్రం గంప పక్కనే కూర్చుని మళ్లీ రాశాను. అచ్చయిన ఉత్తరం నాది కాదని మొదటి వాక్యంలోనే చెప్పాను. కృతజ్ఞతలు వెనక్కి తీసుకున్నాను. మూర కొలవడానికి రమ్మని మళ్లీ పిలిచాను. కవరు అంటించి, నేనే డబ్బాలో వేసి వచ్చాను.

మర్నాడు క్లాసులో టీచరమ్మ అడిగింది. “మళ్ల రాసినవంట? నాకు సూపియ్యవా?”

“అచ్చయినంక సూద్దురుగని” అన్నాను.