నా పేరు అడిగిన నర్సమ్మ

నా పెళ్ళాం నా ఇంటికొచ్చి, నా ఎదుటే నిలబడి, నా పేరేమిటని నన్నే అడిగింది. ఇంత అన్యాయం ఉదయగిరిలో ఇంకే మొగుడికీ జరిగి ఉండదు.

ఆ రోజుల్లో మా వైపు నర్సు ఉద్యోగమే గొప్ప. డిగ్రీ కూడా ఉంటే ఇంకా పైకి పోవచ్చని మా ఆవిడ పట్టుదల. ఆత్మకూరు ఆసుపత్రిలో సెలవు పెట్టి (పొట్లాల కాగితాలు చదివి పండితుణ్ణయిన నా సలహా అడక్కుండానే) బీఎస్సీ నర్సింగులో చేరింది. ఆ చదువులో ఒక కుటుంబాన్ని ఎంచుకుని, నెలరోజులు వాళ్ళింటికి వెళ్ళి ఆరోగ్యం సంగతులు చూడాలి. బంధువుల ఇల్లు పనికిరాదు. మా వెనకవీధిలో ఒక ఇల్లు ఎంచుకుంది. ఆ ఇంటాయనదీ నా పేరే కావడం మా ఖర్మ. తీరా టీచరమ్మ వచ్చి మార్కులేసే రోజున చూస్తే ఆ ఇంటికి తాళం! కలువాయిలో పెళ్ళికి పోయారట. మార్కులు పడకపోతే ఏడాది చదువు పెన్నలో కలిసినట్టే.

"ఏమయ్యా, ఈ పూటకి ఆ ఇంటాయన నువ్వే. నేనెవరో నీకు తెలీదు. నోరు అదుపులో పెట్టుకో," అంది.

పెళ్ళిఫొటో బియ్యం డబ్బా వెనక దాచాను. టీచరమ్మ వచ్చి కూర్చుని, "ఇంటాయన పేరేంది?" అని మా ఆవిణ్ణి అడిగింది. ఆమె గతుక్కుమని నా వైపు తిరిగి, "మీ పేరేందండీ?" అంది. (పెళ్ళయినాక నాకు దక్కిన మొదటి 'అండీ' అదే.)

నేను నోరు తెరవబోయాను. "నువ్వుండు పెద్దమనిషీ. ఏం పిల్లా, నెలగా వస్తా ఉండావే, పేరు తెలీదా? చెప్పు, మార్కులు పోతాయి," అంది టీచరమ్మ.

మా ఆవిడ తలొంచుకుని తెల్లకోటు అంచు మెలిపెడుతోంది. నేను కళ్ళతోనే బతిమాలాను. ఊహూ, పలకదే! టీచరమ్మ ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది.

"మొగుడి పేరు తప్ప ఇంకే మగాడి పేరుకీ ఆడది ఇంత మెలికలు తిరగదు గదయ్యా! పెళ్ళిఫొటో యాడ దాచినావు?"

తాళం వేసిన ఇల్లు చూపించి మొరపెట్టుకున్నాక ఆ మహాతల్లి కరిగింది. "వాళ్ళొచ్చినాక మళ్ళీ వస్తాలే. వచ్చినందుకు ఈయనకి బీపీ అన్నా చూడు," అంది. (ఉంది. ఉండదా మరి!)

మా ఆవిడ పాసయింది, ఆత్మకూరులోనే హెడ్ నర్సయింది, రిటైరూ అయింది. నా ఫిర్యాదు మాత్రం రిటైరు కాలేదు: "డిగ్రీ చెయ్యి జారిపోయే వేళ ఒక్కసారి నా పేరు పలికితే నీ సొమ్మేం పోయేది?" మొన్న బీపీ మాత్ర నా చేతిలో పెడుతూ ఎట్టకేలకు జవాబిచ్చింది:

"డిగ్రీ పోతే వచ్చే ఏడు మళ్ళీ రాసుకుంటా. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతాదని మా అవ్వ చెప్పేది. అది తగ్గితే ఏ కాలేజీలో చదివి తెచ్చుకునేది? నోరు మూసుకుని మాత్ర మింగు."