బంటి గుర్రుమనడం మానేసిన ఇల్లు

2023 వానాకాలం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశం కనిపించకుండా కట్టేసిన వీధి వెనక సందులో, ఒక రెండో అంతస్తు ఇంటి నుంచి నాకు ఫోన్ వచ్చింది. నేను కుక్కలకు శిక్షణ ఇస్తాను. ఉండేది సినిమావాళ్ళ కృష్ణానగర్‌లో కాబట్టి, సినిమాలకు కుక్కల్ని ఆడిస్తాననుకుంటారు చాలామంది. కాదు. ఇళ్ళలో పెరిగే కుక్కలూ వాటి మనుషులూ ఒకరికొకరు అర్థమయ్యేలా చేయడం నా పని. కుక్కలకు నేర్పడం తేలికే. మనుషుల దగ్గరే నా నోరు లేస్తుంది.

ఫోన్ చేసినావిడ పేరు సునీత. పంజాగుట్టలో ఒక చీరల షాపులో పనిచేస్తుంది. పక్కన ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడం, మా కుక్క పాస్టర్ గారిని కరిచేసిందండీ. మావారు ఈ ఆదివారం దాన్ని వదిలేసి వస్తానంటున్నారు. మా పాప అన్నం మానేసి ఏడుస్తోంది. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

"ఎక్కడ వదిలేస్తడంట?"

"ఊరవతల ఎవరిదో ఫామ్‌హౌస్ ఉందంటండీ."

ఈ ఫామ్‌హౌస్ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఫామ్‌హౌస్‌కు గేటూ ఉండదు, గోడా ఉండదు. ఉండేది హైవే ఒక్కటే. "ఆదివారం దాకా ఆగమనుండ్రి, రేపే వస్తున్న" అన్నాను.

వెళ్ళేసరికి ఇంటాయన ప్రభాకర్ గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. భీమవరం వైపు వాళ్ళు, క్రైస్తవ కుటుంబం, పెళ్ళయిన కొత్తలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. హాల్లో మంచం మీద వాళ్ళమ్మాయి బ్లెస్సీ, పదమూడేళ్ళ పిల్ల. ఎండాకాలం సెలవుల్లో పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఆటో బోల్తాపడి కాలు విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. కాల్లో రాడ్ వేశారు. అప్పటి నుంచి ఆ మంచమే దాని లోకం. మంచం కింద గోధుమరంగు వీధికుక్క. చిన్న కూనగా ఉన్నప్పుడు బ్లెస్సీయే తెచ్చుకుందట. పేరు బంటి.

పిల్ల ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచీ చర్చివాళ్ళు రోజూ సాయంత్రం వచ్చి ప్రార్థన చేస్తున్నారు. జబ్బుపడిన మనిషి తలమీద చేతులుంచి ప్రార్థించడం వాళ్ళ పద్ధతి. ప్రేమతో చేసే పనే. అలా చెయ్యి పెట్టినప్పుడే బంటి పాస్టర్ గారి మణికట్టు కరిచింది. దానికి టీకాలన్నీ వేయించారు కాబట్టి ఆ ఒక్క గండం తప్పింది.

"ఏ సూచనా లేకుండా కరిచిందండీ" అన్నారు ప్రభాకర్ గారు. "కనీసం గుర్రుమనలేదు. అలాంటి కుక్కని ఎలా నమ్ముతాం చెప్పండి? రేపు పాపని కరిస్తే?"

"ఎన్నడూ గుర్రుమనలేదా?"

"మొదట్లో అనేది. నేనే మాన్పించేశాను." ఆ మాట కొంచెం గర్వంగానే అన్నారు. టీపాయ్ మీది పేపర్ తీసి చుట్టి చూపించారు. "దేవుని సేవకుల ముందు పరువు పోతుంది కదండీ. గుర్రుమన్నప్పుడల్లా మూతి మీద ఒక్కటిచ్చేవాణ్ణి. దెబ్బకి దారికొచ్చింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నా, గ్యాస్ లీకైతే వాసనొస్తది గద. మీరు ఆ వాసన రాకుండ జేసిండ్రు. లీకేజీ మాత్రం గట్లనే ఉంది."

ఆయన ముఖం ఎర్రబడింది. సునీత గబగబా టీ పెడతానని లేచింది. నేనూ కొంచెం తగ్గి చెప్పాను. కుక్క ఉన్నట్టుండి కరవదు. ముందు మూతి నాక్కుంటుంది. తల అటు తిప్పి కళ్ళు మాత్రం ఇటే ఉంచుతుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. దాన్ని మేం వేల్ ఐ అంటాం. ఆ తర్వాత ఒక్క క్షణం కొయ్యలా బిగుసుకుపోతుంది, అది ఫ్రీజ్. అప్పటికీ ఎవరూ వినకపోతే గుర్రుమంటుంది. గుర్రుమనడం పొగరు కాదు, "వద్దు" అని చెప్పడం. ఆ మాటను కొట్టి మాన్పిస్తే దానికి మిగిలేవి పళ్ళే.

"ఇవన్నీ చేసే ఉంటది. మీలో ఒక్కరన్న చూసిండ్రా?"

సునీత వంటింట్లోంచే జవాబిచ్చింది. "ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటాం కదండీ."

అంతే సంగతి. ఇంటినిండా మనుషులు, ఒక్క కన్నూ తెరిచి లేదు. కుక్క మొత్తుకునేది ఎవరు చూస్తారు?

పాస్టర్ గారిని ఒకసారి పిలిపించమన్నాను. "కరిచిన కుక్క దగ్గరికి ఆయన్ని ఎలా రమ్మంటామండీ!" అని ప్రభాకర్ గారు అదిరిపడ్డారు. ఆయన మాత్రం మర్నాడే వచ్చారు. మణికట్టుకు కట్టు, నుదుటి మీద చెమట.

"వందనాలమ్మా. నిజం చెప్పాలంటే నాకు చిన్నప్పటి నుంచీ కుక్కలంటే హడల్. కానీ పాప ఫోన్ చేసి అడిగింది."

బంటికి బెల్టు వేసి వంటింటి గుమ్మంలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మధ్యలో చెక్క గేటు ఒకటి అడ్డం పెట్టాం. కాస్త దూరంలోనే, ఒక్క నిమిషమే ప్రార్థన. కుక్క బిగుసుకోగానే ఆపేయాలి. పాస్టర్ గారు అలవాటు ప్రకారం "అందరం కళ్ళు మూసుకుందాం" అని నా వైపు చూశారు.

"నేను మూసుకుంటే ఎట్ల అయ్యగారూ? నా పనే చూసుడు."

ఆయన మొదటిసారి నవ్వారు. చెయ్యి మెల్లగా బ్లెస్సీ తలమీద పెట్టారు.

బంటి మూతి నాక్కుంది, తెల్లగుడ్డు కనిపించింది, బిగుసుకుంది. నేను అనుకున్నట్టే అన్నీ వరసగా వచ్చాయి. అనుకోనిది ఒకటే. అది పాస్టర్ గారిని చూడటం లేదు, బ్లెస్సీని చూస్తోంది. నేనూ అటు చూశాను. పిల్ల ముఖం ప్రశాంతంగానే ఉంది. చేతివేళ్ళు మాత్రం దుప్పటిని మెలిపెట్టి పిండేస్తున్నాయి.

"చాలు, చెయ్యి తీయుండ్రి" అన్నాను.

పెద్దవాళ్ళు పాస్టర్ గారిని సాగనంపడానికి కిందికి దిగినప్పుడు మంచం పక్కన కూర్చుని అడిగాను. "నొస్తుందా బిడ్డా?"

మొదట లేదంది. తర్వాత కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "కుట్లేసిన చోట ముట్టుకుంటే తలంతా షాక్ కొట్టినట్టు ఉంటుంది ఆంటీ. డాక్టర్ తగ్గిపోయిందన్నారు. ఒకసారి చెయ్యి పెట్టొద్దన్నాను. దేవుని సేవకులతో అలా మాట్లాడతావా అని డాడీ తిట్టారు. ప్రార్థన వద్దంటే పాపం కదా?"

"మరి నీ నొప్పి చూసి కరిచినందుకే బంటిని పంపిస్తున్నరు గద. డాడీకి చెప్పు."

"ఇప్పుడు చెప్తే బంటిని ఉంచుకోవడానికి అబద్ధం చెప్తున్నాననుకుంటారు. మీరూ చెప్పొద్దు ఆంటీ, ప్లీజ్."

నేను చెప్పేస్తే ఆ పిల్ల మళ్ళీ ఎవరికీ ఏమీ చెప్పదు. చెప్పకపోతే కుక్క పోతుంది. "సరే, నేను చెప్ప. నువ్వే చెప్పాలె" అని మాట తీసుకున్నాను.

ప్రభాకర్ గారికి మాత్రం గట్టి నియమం పెట్టాను. శిక్షణ అయ్యేదాకా ఎవరూ పిల్ల తల ముట్టుకోకూడదు, కుర్చీ దూరంగా వేసుకుని ప్రార్థించాలి. అది బంటి కోసమే అనుకుని ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"కుక్క కోసం ప్రార్థన మార్చుకోవాలా?"

ఈ సంగతి చెప్పడానికి పాస్టర్ గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం, నేను నోరు తెరిచేలోపు ఆయనే సర్దిచెప్పారు. "ప్రభాకర్ గారూ, ప్రభువుకి దూరం నుంచి చేసినా వినపడుతుందిలెండి."

పిల్ల లేచి నడిచాక ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాలని వాళ్ళు ముందే అనుకున్నారు. ఆ కూడిక దాకా గడువిచ్చారు ప్రభాకర్ గారు. "ఆ రోజు గానీ ఏదైనా జరిగిందో, ఇంక మీరు కూడా అడ్డు చెప్పకూడదు" అన్నారు. ఒప్పుకోక చేసేదేముంది?

పని మొదలైంది. మా భాషలో దీన్ని కౌంటర్ కండిషనింగ్ అంటారు. భయపెట్టే దాని వెంటే ఇష్టమైనది వచ్చేలా జతచేయడం. పాస్టర్ గారు గుమ్మంలో కనిపించగానే బ్లెస్సీ మంచం మీంచి ఉడికించిన కోడి లివర్ ముక్క విసిరేది. ఆయన గొంతు పెంచితే ఒక ముక్క. గాలిలో చెయ్యెత్తితే ఒక ముక్క. గది మూలన చాప వేసి, కంగారు పుడితే అక్కడికి పోయి పడుకోవడం నేర్పాం. కరవకుండా మూతికి వేసే జాలీ, మజిల్, తొడగడం కూడా తిండితోనే అలవాటు చేశాను. రాను రాను పాస్టర్ గారే జేబులో ముక్కలు వేసుకొచ్చేవారు. "మా ఆవిడ ఈ చొక్కాలు విడిగా ఉతుకుతోందమ్మా" అని నవ్వేవారు.

ప్రభాకర్ గారికి ఒకటే చెప్పాను. గుర్రుమంటే కొట్టొద్దు, చేస్తున్న పని ఆపి వెనక్కి జరగాలి.

"పొగరెక్కదా అండీ?"

"మొరిగే కుక్క కరవదంటరు గద అన్నా. నోరు మూయించిన కుక్క కరుస్తది. దాని నోరు దానికియ్యుండ్రి."

కానీ బంటి గుర్రుమనలేదు. తోక ఊపేది, చాప మీదికి పోయేది, ఆ శబ్దం మాత్రం చేసేది కాదు. బాగుపడిందని ప్రభాకర్ గారు సంబరపడుతుంటే నాకు లోపల దడగా ఉండేది. దెబ్బలు దాని గొంతును ఎంత లోతుకు తొక్కేశాయో తెలియడం లేదు. బ్లెస్సీ కూడా ఇంకా ఏమీ చెప్పలేదు. నేను కళ్ళతో అడిగితే తల దించుకునేది.

కూడిక రోజు పొద్దున్నుంచీ వాన. హాలంతా జనం. బంటిని పడకగదిలో తలుపేసి ఉంచాం, నమలడానికి ఎముక ఇచ్చాం కాబట్టి మజిల్ తీసేశాను. నేను ఆ తలుపుకు ఆనుకుని కూర్చుంటే, "మేడం గారు మా అతిథి, ముందుకి రండి" అని ఎవరో లాక్కుపోయి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బ్లెస్సీ వాకర్ పట్టుకుని గుమ్మం నుంచి కుర్చీ దాకా నడిచింది. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

ఊరి నుంచి అప్పుడే దిగిన ప్రభాకర్ గారి అక్కయ్య తడిసిన బ్యాగు లోపల పెట్టడానికి పడకగదిలోకి వెళ్ళొచ్చింది. గడియ పెట్టాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. తల ముట్టుకోకూడదనీ చెప్పలేదు. ప్రార్థన మొదలైంది, అందరూ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆవిడ దుఃఖం ఆపుకోలేక మేనకోడలి తలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఎలుగెత్తి ప్రార్థించసాగింది.

పడకగది తలుపు కదిలింది. మూసుకున్న ఇన్ని కళ్ళ మధ్య నుంచి బంటి నడుచుకుంటూ వచ్చింది.

మధ్యలో ఇంతమంది, దాటుకుని వెళ్ళలేను. అరిస్తే అగ్గిలో నూనె పోసినట్టే. మూతికి ఏమీ లేదు. ఆవిడ మోచెయ్యి సరిగ్గా దాని నోటి ఎత్తులో ఉంది. బంటి కుర్చీ దగ్గర ఆగి బ్లెస్సీ ముఖంలోకి చూసింది. బిగుసుకుంది. ఇక కరుస్తుందనుకున్నాను.

గుర్ర్‌మంది.

లోతుగా, మెల్లగా, ఎంతో కాలంగా వాడని గొంతుతో. ప్రార్థన ఆగిపోయింది. "యేసయ్యా!" అని ఎవరో వెనక్కి పడ్డారు. ప్రభాకర్ గారు ఒక్క ఉదుటున లేచారు. చేతిలోని పాటల కాగితాలు అప్పటికే చుట్టేశారు, చెయ్యి పైకి లేచింది.

"డాడీ, కొట్టొద్దు!" బ్లెస్సీ కేక పెట్టింది. "అత్తయ్యా, చెయ్యి తియ్యండి. నాకు నొప్పి."

ఆవిడ చేతులు తీసేసింది. ప్రభాకర్ గారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయారు. "నొప్పేంటమ్మా?"

"కుట్ల దగ్గర. ఎప్పట్నించో. నేను చెప్తే తిట్టారు డాడీ. బంటి చెప్తే కొట్టారు."

బంటి ఒళ్ళు వదులైంది. ఎవరూ చెప్పకుండానే మూలన ఉన్న చాప మీదికి పోయి పడుకుంది. ప్రభాకర్ గారి చేతిలోంచి కాగితాలు జారి కింద పడ్డాయి. ఆయన కూతురి దగ్గరకు వచ్చారు. దగ్గరకు తీసుకోబోయి ఆగిపోయారు. కుర్చీకి కొంచెం ఎడంగా నేలమీద కూర్చుని, అంతమంది వింటుండగా అడిగారు.

"ఇక్కడ కూర్చోవచ్చా అమ్మా?"

ఆ పిల్ల తలూపింది.

ఆ తర్వాత పిల్లను మళ్ళీ డాక్టర్‌కు చూపించారు. కుట్ల కింద నరం దెబ్బతిందన్నారు, మందులతో మెల్లగా తగ్గింది. బంటి ఆ ఇంట్లోనే ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్రుమంటుంది, ఇంట్లోవాళ్ళు చేసేది ఆపి ఏమైందో చూస్తారు.

ఆ కేసు నాకు నేర్పింది ఇదీ. కుక్క కరిచిందని ఎవరైనా పిలిస్తే, ఎవరిని కరిచిందన్నది తర్వాత అడుగుతాను. కరిచే ముందు అది ఎవరి ముఖంలోకి చూసిందని మొదట అడుగుతాను. చాలా ఇళ్ళలో ఆ ముఖం, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషిది.